నోరు అమ్ముకున్నాడని రాశాను

జూన్ 24, 1963. గురజాల

బడి తెరిచారు. ఎస్సెల్సీ క్లాసులో సిలబస్ పక్కన పెట్టి లండన్ సంగతి చెప్పాను. అక్కడ ఒక మంత్రి పార్లమెంటుకు అబద్ధం చెప్పాడు. బయటపడింది. పదవీ, సభ్యత్వమూ రెండూ వదిలేసి ఇంటికి పోయాడు. "అబద్ధం చెప్పినందుకేనా సార్?" అని వెనక బెంచీ నుంచి ఒక గొంతు. అందుకే. నమ్మలేదు. వాళ్ళ తప్పేముంది... వాళ్ళకు తెలిసిన శాసనసభ్యుడు సాంబయ్య.

జూన్ 27

మిషన్ బంగళా దొరసాని పాత ఇంగ్లీషు పేపర్ల కట్ట పంపింది. కత్తెర, మైదా జిగురు, నా నల్ల అట్ట నోటుబుక్కు. అందులో ఒక్కో బ్రిటిష్ నాయకుడికి ఒక్కో పేజీ — ఎక్కడ గెలిచాడు, ఏ కమిటీలో ఎన్నేళ్ళు మగ్గాడు, ఎప్పుడు మంత్రి అయ్యాడు, ఎలా పడ్డాడు. పద్దెనిమిదేళ్ళ నుంచి రాస్తున్నాను.

"వాళ్ళల్లో ఒక్కడన్నా మీ పేరు ఎరుగునా?" అంటుంది సుగుణ, బియ్యం చెరుగుతూ.

అక్కర్లేదు. నేను వాళ్ళను ఎరుగుదును. చాలు.

జూన్ 30, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు గారింట్లో పేపరు చూశాను. ముంపు గ్రామాల కమిటీ రిపోర్టును శాసనసభ ముందు పెట్టారట. సారాంశం వేశారు, పది లైన్లు. పట్టా ఉన్నవాళ్ళకు భూమికి భూమి. లేనివాళ్ళకు ఇంటి జాగా.

అంటే నేను పుట్టిన పాలేనికి భూమి ఏమీ లేదు. ఆనకట్ట నీళ్ళు వచ్చేసరికి ఊరు ఊరంతా మునుగుతుంది, పాలెమూ మునుగుతుంది. కానీ మా అన్నయ్య యోహాను లాంటివాడికి పట్టా ఎక్కడిది? ముప్పై ఏళ్ళు ఒకరి చేను దున్నాడు. రేపు గట్టున ఒక జాగా చూపించి అక్కడ గుడిసె వేసుకొని గాలి తినమంటారు.

ఆ కమిటీలో మనవాడు ఒకడున్నాడు. సాంబయ్య. పత్తి మార్కెట్లో కాటా వేసే రంగయ్య కొడుకు. నా దగ్గరే చదివాడు. పార్లమెంటు అంటే ఏమిటో, కమిటీ అంటే ఏమిటో నోట్సు రాయించి నేర్పింది నేను.

ఫిబ్రవరిలో కమిటీ మాచర్ల ట్రావెలర్స్ బంగళాలో విచారణ జరిపినప్పుడు సెలవు పెట్టి వెళ్ళాను. వరండాలో నిలబడి చూశాను. మిగతా సభ్యులందరూ ఉన్నారు. సాంబయ్య లేడు. సాయంత్రం దాకా లేడు.

జూలై 2

గుంటూరు వారపత్రికకు ఉత్తరం రాశాను. ఒక్క కొట్టివేత లేకుండా ఒకే ఊపున వచ్చింది. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు.

జూలై 3

సుగుణ చదివింది. "ఈ చివరి మాట తీసెయ్యండి" అంది. తీయను. పోస్టు చేశాను.

జూలై 12

వేశారు. మొత్తం వేశారు. రెండో పేజీలో, పెట్టె కట్టి. చివరి మాట శీర్షికకు ఎక్కింది.

"విచారణ రోజున ఆయన ముఖం చూపలేదు. కమిటీలో పేదవాడి తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. పాలెం వాళ్ళకు సెంటు భూమి రాలేదు. మన ప్రతినిధి నోరు అమ్ముకున్నాడు."

కింద నా పేరు, ఊరు. దాచుకోలేదు.

జూలై 13

బజారులో సుబ్బయ్య శెట్టి కొట్టు దిగి వచ్చి నా చేయి పట్టుకున్నాడు. "మాస్టారూ, చానా రోజులకు ఒక మగవాడు మాట్లాడాడు మన గురజాలలో." టీ తెప్పించాడు. ఎదురు కొట్టువాళ్ళు చూస్తున్నారు. నేను కొంచెం నెమ్మదిగానే తాగాను.

జూలై 16

క్లాసులోకి వెళితే పిల్లలు మామూలు కన్నా తొందరగా లేచి నిలబడ్డారు.

జూలై 30

సాంబయ్య ఆ కాగితాన్ని శాసనసభలో చదివి వినిపించాడట. సభాహక్కులకు భంగం కలిగిందన్నాడట. హక్కుల కమిటీకి పంపారు.

సభాహక్కులు... ఆ మాటకు అర్థం అతనికి చెప్పింది ఎవరు? రాజుకు భయపడకుండా మాట్లాడటానికి కామన్స్ సభ మూడు వందల ఏళ్ళు పోరాడి తెచ్చుకున్న హక్కు. దాన్ని తెచ్చి నలభై ఎనిమిదేళ్ళ బడిపంతులు మీద విసిరాడు. నోట్సులో ఈ ఉపయోగం నేను చెప్పలేదు.

ఆగస్టు 8

రిజిస్టరు కవరు. సెప్టెంబరు 10న ఉదయం పదకొండింటికి హైదరాబాదులో కమిటీ ముందు హాజరు కావాలి. పోస్ట్‌మ్యాన్ వేలు పెట్టి చూపించాడు సంతకం ఎక్కడో. నాకు తెలియదా.

ఆగస్టు 9

హెడ్ మాస్టారు గదికి పిలిచారు. తలుపు వేయించారు.

"దేవసహాయం గారూ, అనుమతి లేకుండా పత్రికలకు రాయకూడదని రూలు ఉందా లేదా?"

"ఉంది."

"క్షమాపణ రాసి పంపండి. ఇవాళే. బోర్డు వాళ్ళు అడిగేలోపు నా ఫైల్లో ఆ కాగితం ఉండాలి."

"నేను రాసింది నిజమండీ."

"నిజమా కాదా అని నేను అడిగానా?"

ఈయన గురించి ఏమి రాయాలి. బల్ల మీద గంట, గంట పక్కన రూళ్ళకర్ర, దాని పక్కన ఈయన. మూడింటికీ ఒకటే పని.

ఆగస్టు 10

సుగుణ ఏమీ అనదు. గిన్నెలు అంటున్నాయి.

ఆగస్టు 14

వారపత్రిక సంపాదకుడు మొదటి పేజీలో క్షమాపణ వేసుకున్నాడు. "పొరపాటున ప్రచురితమైంది" అట. ప్రెస్సులో అక్షరాలు వాటంతట అవే లేచి నిలబడి నా ఉత్తరం అయ్యాయి కాబోలు. ఇక నేను ఒక్కడినే.

ఒక్కడినే అని రాసుకుంటుంటే బాగానే ఉంది. అది కూడా ఒప్పుకోవాలి.

ఆగస్టు 16

వాదన తయారు చేస్తున్నాను. పద్నాలుగు పేజీలు అయింది. బ్రిటిష్ సభలో హక్కుల కమిటీ ముందు ఎవరెవరు ఎలా నిలబడ్డారో అంతా తీసి పెట్టాను. సాంబయ్యకు బదులు చెప్పడానికి వ్యాకరణం కూడా మిగలదు.

ఆగస్టు 17, నరసరావుపేట

ఉదయం బస్సు. కాలేజీ లైబ్రరీలో పార్లమెంటు పద్ధతుల పుస్తకం ఇచ్చారు, అక్కడే కూర్చొని చదువుకొమ్మన్నారు. పూర్వం తప్పు చేసినవాణ్ణి సభ ముందుకు తెచ్చి మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. చదువుతూ నవ్వుకున్నాను. తరవాత గుర్తొచ్చింది — స్టాండింగ్ కమిటీకీ సెలెక్ట్ కమిటీకీ తేడా చెప్పలేదని సాంబయ్యను ఒక పీరియడ్ అంతా నేను మోకాళ్ళ మీద నిలబెట్టాను. పద్నాలుగేళ్ళవాడు అప్పుడు. ఏడవలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు.

మధ్యాహ్నం ప్లీడరు కామేశ్వరరావు గారింటికి. నా పద్నాలుగు పేజీలు చూశారు. "ఇంగ్లీషు బాగుంది" అన్నారు. తరవాత అడిగారు:

"కమిటీ రిపోర్టు చదివారు గదా?"

"పేపర్లో చదివానండీ."

"పేపర్లో వేసింది సారాంశం. రిపోర్టు?"

నా పద్నాలుగు పేజీలు సర్దుకున్నాను.

ఆయన బీరువా తీసి, నీలం అట్ట పుస్తకం ఇచ్చి, "తీసుకెళ్ళండి. ఆదివారం చదువుకోండి" అన్నారు.

ఆగస్టు 18, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు.

రిపోర్టు నలభై పేజీలు. తరవాత అనుబంధాలు. ఊళ్ళ పేర్లు, మడి చెక్కల పట్టికలు. అన్నీ అయ్యాక, ఎవరూ తిప్పని చోట, రెండున్నర పేజీలు. పైన — భిన్నాభిప్రాయం. కింద — సాంబయ్య.

సభ్యులందరూ ఒకవైపు, అతనొక్కడు ఒకవైపు.

"పట్టా లేకుండా దున్నినవాడు కూడా దున్నినవాడే" అని మొదలుపెట్టాడు. కౌలువాళ్ళకూ పాలేర్లకూ కూడా భూమి ఇవ్వాలి అన్నాడు. పాలేల పేర్లు రాశాడు. మా పాలెం పేరు రాశాడు. రెండో పేజీ మధ్యలో ఇది — "విచారణ రోజున నేను మాచర్లలో లేను. కూలివాళ్ళను బంగళా గేటు దాటి రానివ్వరని తెలిసి, ఆ రోజు నేనే వాళ్ళ పాలేనికి వెళ్ళాను."

మూడుసార్లు చదివాను. అదే తేదీ. నేను మాచర్ల వరండాలో నిలబడి అతను రాలేదని లెక్క తప్పకుండా చూసుకుంటున్న రోజు, అతను మా పాలెంలో ఉన్నాడు.

చివరి పేరాలో ఒక ఇంగ్లీషు వాక్యం తప్పు. ఎర్ర సిరా కోసం చేయి దానంతట అదే వెళ్ళింది. ప్లీడరు గారి పుస్తకం. ఆపుకున్నాను.

ఆగస్టు 19

బడికి పోయి వచ్చాను. ఏం చెప్పానో తెలియదు.

ఆగస్టు 20

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. 1955 ఎన్నికలకు నేను టికెట్ అడిగాను. సుగుణకు కూడా తెలియదు. ఉద్యోగం వదిలేస్తానని చెప్పాను, గుంటూరు వెళ్ళి పార్టీ ఆఫీసు బల్ల మీద పొద్దున్నుంచి కూర్చున్నాను. ఒకాయన వచ్చి, "మాస్టారూ, మీరు పాఠాలు చెప్పుకోక ఇవన్నీ ఎందుకు?" అని నవ్వి లోపలికి పోయాడు. ఏడేళ్ళకు సాంబయ్య గెలిచాడు. గెలిచిన మర్నాడు దండతోనే మా ఇంటికి వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. "సివిక్స్‌లో ముప్పై ఆరు మార్కులు నీకు" అన్నాను. తలుపు దగ్గర ఉన్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. మళ్ళీ రాలేదు.

ఆ ఉత్తరం ఒక్క కొట్టివేత లేకుండా ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది. ఏడాది నుంచి రాసుకుంటున్నాను దాన్ని.

ఆగస్టు 25, ఆదివారం

పాలేనికి వెళ్ళాను. మాచర్ల దాకా బస్సు, అక్కణ్ణుంచి ఎద్దుబండి, చివర నడక. అన్నయ్య గోడ పక్కన కూర్చొని పలుపు పేనుతున్నాడు. లేవలేదు.

"సాంబయ్య ఇక్కడికి వచ్చాడా? ఫిబ్రవరిలో?"

"వచ్చాడు. ఆ మంచం మీదనే కూచున్నాడు, పొద్దుగూకిందాకా. ఇంటింటి పేరూ రాసుకున్నాడు."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు అడిగితివా?" పలుపు పక్కన పెట్టాడు. "ఏమిరా, నువ్వు ఈ గడప తొక్కి ఎన్నేళ్ళయింది? అమ్మ పోయిందాక వచ్చావు. మళ్ళా ఇదే. కాయితంలో మా గురించి రాసే ముందు ఒక్క తూరి వచ్చి ఏందిరా అని అడగక్కర్లా?"

వదిన జొన్న సంకటి పెట్టింది. తిన్నాను. అన్నయ్య తరవాత మెల్లగా చెప్పాడు — ఆగస్టులో ముగ్గుర్ని పట్నం తీసకపోయి మంత్రితో మాట్లాడిస్తానన్నాడట సాంబయ్య. రోజు కూడా అనుకున్నారు. నా కాయితం పడ్డాక కబురు లేదు.

ఆగస్టు 26

హెడ్ మాస్టారు మళ్ళీ: "ఏం ఆలోచించారు?"

ఇప్పుడు నేను క్షమాపణ చెబితే ఈయనకు భయపడి చెప్పినట్టు. చెప్పకపోతే అబద్ధం మీద నిలబడినట్టు. అబద్ధం చెప్పిన మంత్రి గురించి జూన్‌లో ఎంత బాగా చెప్పాను.

సెప్టెంబరు 1

సుగుణకు మొత్తం చెప్పాను. 1955 సంగతి కూడా.

దీపం వత్తి తగ్గించి అంది: "అబద్ధమని తెలిసింది గదా. తెలిసినమాట అక్కడ చెప్పండి. ఎవడేమనుకుంటే మీకెందుకు?"

అంత తేలికా.

"తేలికని నేను అన్నానా?" అంది.

సెప్టెంబరు 5

నోటుబుక్కులో సాంబయ్యకు ఒక పేజీ తీశాను. పేరు రాశాను. పుట్టిన ఊరు, తండ్రి పని, గెలిచిన సంవత్సరం. కమిటీలు అన్నచోట ఆగిపోయాను. ముంపు కమిటీ కాక ఇంకేం కమిటీల్లో ఉన్నాడో నాకు తెలియదు. సముద్రం అవతల ఎవడు ఏ కమిటీలో ఎన్నేళ్ళున్నాడో చెప్పగలను.

సెప్టెంబరు 8

స్టేషనుకు సుబ్బయ్య శెట్టి, ఇంకో పదిమంది. పూలదండ. "తగ్గమాకండి మాస్టారూ" అని రైలు కదిలిందాకా. దండ గుంటూరు దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాను. పారేయలేదు, వేసుకోలేదు.

సెప్టెంబరు 10, హైదరాబాదు

గంటన్నర వరండాలో కూర్చోబెట్టారు. లోపల పెద్ద బల్ల, దానికి మూడువైపులా సభ్యులు, నాలుగోవైపు నేను. అధ్యక్షుడు ముసలాయన, చెవి దగ్గర చేయి పెట్టుకొని వింటాడు.

"ఈ ఉత్తరం మీరు రాసిందేనా?"

"నేనే."

"నోరు అమ్ముకున్నాడనడానికి మీ దగ్గర ఆధారం?"

"లేదండీ."

పద్నాలుగు పేజీలు సంచిలో ఉన్నాయి. సంచి ఒళ్ళో ఉంది.

"మరి ఎలా రాశారు?"

"రిపోర్టు చదవకుండా రాశాను. ఆయన భిన్నాభిప్రాయం అందులో ఉంది. మా వాళ్ళ కోసం రాసింది ఆయనొక్కడే. తప్పు నాది."

ఒక సభ్యుడు నవ్వాడు. ఇంకొకాయన గడియారం చూశాడు. టైపు చేసి ఉంచిన కాగితం నా ముందుకు తోశారు — ఆ ఉత్తరంలోని ప్రతి మాటనూ ఉపసంహరించుకుంటున్నాను, సభకు బేషరతుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. నేను వస్తానని తెలిసినట్టే, నేనేం చెబుతానో కూడా ముందే తెలుసు వాళ్ళకు.

"ప్రతి మాటనూ అంటే కుదరదండీ. పాలెం వాళ్ళకు సెంటు భూమి రాలేదు అన్నది నిజం. అది వెనక్కి తీసుకోను."

"షరతు పెట్టే క్షమాపణ క్షమాపణ కాదు, మాస్టారూ. పిల్లలకు ఇదేనా చెప్పేది?"

'ప్రతి' అన్న మాట కొట్టేసి సంతకం పెట్టాను. అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి, తుడుచుకొని, కాగితం పక్కవాడికి ఇచ్చాడు. నిర్ణయం తరవాత తెలియజేస్తారట. వెళ్ళమన్నారు.

సెప్టెంబరు 11, రైల్లో

నిన్న రాయలేకపోయింది ఇది. వరండా చివర సాంబయ్య నిలబడి ఉన్నాడు. ఫిర్యాది కాబట్టి లోపల కూర్చోకూడదు. ఖద్దరు చొక్కా, జుట్టు అప్పుడే పలచబడింది. నేనే దగ్గరికి వెళ్ళాను.

"సాంబయ్యా, తప్పు రాశాను. లోపల చెప్పి వచ్చాను."

"ఇన్నాను మాస్టారూ. తలుపు తీసే ఉంది."

"ఫిర్యాదు..."

"ఎనక్కి తీసుకోను."

"అది అడగడానికి రాలేదు."

గొంతు పెంచకుండానే అన్నాడు: "లండన్‌లో ఎవుడో తుమ్మితే కత్తిరించి అంటించుకుంటారు గదా మీరు. నేను రాసింది రెండున్నర పేజీలు. అది చదవటానికి మీకు తీరిక దొరకలా?"

సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాను.

"ఆ నోట్ పట్టుకొని మంత్రి చుట్టూ నాలుగు నెలలు తిరిగా. సరే, వాళ్ళను తీసకరా, వింటా అన్నాడు. మీ కాయితం పడ్డాక దాన్ని నా ముందు పెట్టి, ఏమయ్యా, మీ వాళ్ళే నువ్వు అమ్ముడుపోయావంటన్నారు, నువ్వు మాట్లాడేది ఎవరి తరఫున అన్నాడు. నేను పోయి చెప్పుకోవాల్నా, నేను అమ్ముడుపోలేదండీ అని?"

జవాను వచ్చి అతన్ని పిలిచాడు. వెళ్ళిపోయాడు. దండం పెట్టలేదు. నేను ఎదురు చూశానేమో అనిపించి నా మీద నాకే రోత పుట్టింది.

సెప్టెంబరు 14

బజారు. శెట్టి కొట్టులోంచి దిగలేదు. "లొంగిపోయినారంట గదా" అన్నాడు, పొట్లం కడుతూ.

"లొంగలేదు సుబ్బయ్యా. నేను రాసింది తప్పు. రిపోర్టులో ఉంది, చూపిస్తాను."

"అట్టనే చెప్పుకోవాల్లే మాస్టారూ. ఉద్యోగం గల మనిషి. మాకు తెలవదా?"

పక్కన నిలబడ్డవాడు ఎటో చూస్తూ అన్నాడు, ఈ కాలంలో అందరి నోరూ ఏదో ఒక ధరకు పోతది అని.

నిజం చెబితే నమ్మే మనిషి ఈ ఊళ్ళో ఒక్కడూ లేడు. అబద్ధం రాసినప్పుడు టీ తెప్పించారు.

సెప్టెంబరు 17

సస్పెన్షన్. హక్కుల కమిటీ నిర్ణయం వచ్చేదాకా. హెడ్ మాస్టారు కాగితం ఇస్తూ, "నేను ముందే చెప్పాను" అన్నారు. ఇవ్వక ముందూ అదే మొహం, ఇచ్చాకా అదే మొహం. తాళాలు అప్పగించాను. మ్యాపుల బీరువా తాళం కూడా.

సెప్టెంబరు 18

ఇంట్లో ఉన్నాను.

సెప్టెంబరు 19

ఇంట్లో ఉన్నాను. సుగుణ మాత్రం తను పాఠాలు చెప్పే బడికి వెళ్ళింది.

సెప్టెంబరు 21

అన్నయ్య వచ్చాడు. ఈ ఇంటికి రావడం ఇది రెండోసారి. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"అర్జీ రాసిపెట్టు. భూమి కోసరం. నీకు అదొకటి వచ్చుగా."

"నేను రాస్తే..."

"ఎవురున్నారురా మాకు ఇంక రాసేవోళ్ళు?"

సెప్టెంబరు 24, పాలెం

మూడు రోజులుగా ఇక్కడే. ఇంటింటికీ తిరిగాను. ఎవరు ఎవరి చేను ఎన్నేళ్ళు దున్నారో అడిగి రాసుకున్నాను. చిన్నప్పుడు నాతో ఆడుకున్నవాళ్ళు "అండీ" అంటున్నారు. కొందరు తలుపు దగ్గరే జవాబు చెప్పి పంపారు.

అర్జీ తెలుగులోనే రాశాను. ఆరు పేజీలు. అడిగినది తప్ప అలంకారం ఒక్కటి లేదు. చదివి వినిపిస్తే అన్నయ్య, "ఆఁ, ఇట్టనే" అన్నాడు. ఇన్నేళ్ళలో నేను రాసినదానికి ఇదే మెప్పు.

వేలిముద్రలు. ఆదెమ్మ పిన్ని చేయి కొంగులో దాచుకుంది. "ఈడు రాసిన కాయితమే గదా మొన్న మన కొంప ముంచింది. మళ్ళా ఈడేనా?" సిరా గుడ్డ కింద పెట్టాను. చివరికి అన్నయ్య ఆమె పక్కన కూర్చొని ఏదో అన్నాడు. వేలు వేసింది. నా వంక చూడకుండా.

అందరి తరవాత, అడుగున, నా సంతకం. రాసినవాడిగా, పాలెం మనిషిగా.

సెప్టెంబరు 28

సాంబయ్య ఊళ్ళో ఉన్నాడని తెలిసి వెళ్ళాను. వాళ్ళ నాన్న పనిచేసిన పత్తి మార్కెట్ వెనక ఇల్లు. వాకిట్లో ఇరవైమంది. నా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది.

అర్జీ తీసుకున్నాడు. నిలబడే చదివాడు, మొదటి పేజీ నుంచి. మధ్యలో ఒకచోట, "ఈ చేను రెండు చేతులు మారింది, పాత ఆసామి పేరు కూడా రాయాల్సింది" అన్నాడు. నాకు తెలియదు ఆ సంగతి. అతనికి తెలుసు.

చివరి పేజీ దగ్గర ఆగాడు.

"మీ సంతకం తీసెయ్యాల మాస్టారూ."

"పాలెం మనిషినే గదా నేను."

"కావచ్చు. ఈ పేరు చూస్తే మంత్రి ముందుకు చదవడు. నేను తీసకపోయినా చదవడు."

"రాసింది నేనే సాంబయ్యా."

"బాగా రాశారు." మొట్టమొదటిసారి నా మొహంలోకి చూశాడు. కోపం లేదు అందులో. కోపం ఉంటే బాగుండేది. "పట్నం పోయేది మంగళారం తరవాత. కొట్టివేత ఉంటే మళ్ళా ఆరా తీస్తారు. కొత్తది రాసి తీసకరండి. అది ఉంటే పోతా, లేకపోతే లేదు."

నా వెనక నిలబడ్డ మనిషి ముందుకు జరిగాడు.

సెప్టెంబరు 29, ఆదివారం

పొద్దున్నే కూర్చొని శుద్ధ ప్రతి రాశాను. సాంబయ్య చెప్పిన పాత ఆసామి పేరు చేర్చాను. మధ్యాహ్నానికి ఆరు పేజీలూ అయ్యాయి. అడుగున నా పేరు ఉండాల్సిన చోటు రాకముందే పేజీ అయిపోయేటట్టు అక్షరాలు కొంచెం పెద్దవి చేశాను. చిన్నపిల్లవాడి పని.

సుగుణ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. పాతదాన్ని చింపలేదు, మడిచి తన బైబిల్లో పెట్టుకుంది. ఎందుకని అడగలేదు.

వేలిముద్రలు అన్నీ మళ్ళీ వేయించాలి. అన్నయ్య కబురు — రెండు ఇళ్ళవాళ్ళు అప్పుడే సామాను కట్టుకొని వెల్దుర్తి వైపు కూలికి పోయారట. మంగళవారం లోపు వాళ్ళను ఎక్కడని వెతకను.

ఆదెమ్మ పిన్నికి ఏం చెప్పాలి? ఈసారి నా పేరు లేదమ్మా, వేలు వెయ్యి అనాలా... రేపు పొద్దున మాచర్ల బస్సు.